పడవ కిటికీ, మిద్దె గవాచి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి అన్న ఫోన్ చేసి, "నువ్వు చేసే పని గురించి పదిహేను నిమిషాలు చెప్పాలె" అన్నాడు. "నేను చేసేది తెరచాప పడవలకు కిటికీలు బిగించే పని అన్నా, చందనవెల్లిల ఎవరికి అక్కరకొస్తది?" అన్నాను. "సముద్రం ఎంత దూరమో నాకు గూడ ఎర్కే, నువ్వు వచ్చి చెప్పు" అన్నాడు. కాబట్టి మీకు విసుగొస్తే ఆయన్నే అడగండి.

మన దిక్కు పడ్డ వాన ఈసీ వాగులో కలిసి హిమాయత్ సాగర్‌కు పోతుంది. అవతల మొయినాబాద్ వైపు పడ్డది మూసీ పట్టుకొని గండిపేటకు పోతుంది. మనకు తెలిసిన పెద్ద నీళ్ళు ఆ రెండే. తెరచాప పడవలు చూడాలంటే హుస్సేన్ సాగర్‌కు పోవాలి. అక్కడ సెయిలింగ్ క్లబ్బుల పిల్లలు నడిపే చిన్న పడవలకు కిటికీలుండవు, పైకప్పే ఉండదు. నేను చెప్పేది సముద్రం దాటే పడవల సంగతి. ముప్పై, నలభై, యాభై అడుగుల పొడవు. లోపల పడుకునే బల్లలు, వంటగది, మరుగుదొడ్డి అన్నీ ఉంటాయి. నెలల తరబడి మనుషులు అందులోనే సంసారం చేస్తారు.

అలాంటి పడవ మీద మన తెలుగు ఆడపిల్లలు భూమి చుట్టూ తిరిగొచ్చిన సంగతి ఇక్కడున్న చెల్లెళ్ళకు తప్పకుండా చెప్పాలి. గోవాలో తయారైన ఐఎన్ఎస్‌వి తారిణి 55 అడుగుల పడవ. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరి 2018 మే 21న తిరిగి గోవా చేరింది. 21,600 నాటికల్ మైళ్ళు. నడిపింది ఆరుగురు నౌకాదళ అధికారిణులు, అందరూ ఆడవాళ్ళే. వాళ్ళలో స్వాతి పాతర్లపల్లిది విశాఖపట్నం, ఐశ్వర్య బొడ్డపాటిది మన హైదరాబాదు. దక్షిణ అమెరికా కొసన కేప్ హార్న్ అనే చోటు ఉంది. నావికులు దాని పేరు చెబితేనే జంకుతారు. దాన్ని కూడా దాటి వచ్చారు. ఆ వార్త చదివినప్పుడు అందరూ తెరచాపల గురించి, తుఫానుల గురించి మాట్లాడుకున్నారు. నా బుద్ధి మాత్రం కిటికీల మీదికి పోయింది. అలవాటు అలాంటిది.

ఘనమీటరు సముద్రపు నీరు 1,025 కిలోలు, అంటే టన్నుకు పైనే. అల విరిగి పడ్డప్పుడు అలాంటి టన్నులు కొన్ని ఒక్కసారి వచ్చి పడవను గుద్దుతాయి. పడవ గోడ ఫైబర్‌తో గట్టిగా ఉంటుంది. కిటికీ అంటే ఆ గోడకు పెట్టిన కన్నం. పైకప్పు మీది హ్యాచ్ ఇంకో కన్నం. కన్నం పెట్టిన చోట మూత గట్టిగా లేకపోతే గోడ ఎంత మందముండి ఏం లాభం? 1979లో ఇంగ్లండు దగ్గర ఫాస్ట్‌నెట్ పోటీలో 303 పడవలు బయలుదేరాయి. తుఫానులో చిక్కి పోటీదారులు 15 మంది చనిపోయారు. తర్వాత విచారణ జరిపిన వాళ్ళు పట్టుకున్న లోపాల్లో ఒకటి, లోపలికి దిగే ద్వారానికి అడ్డంగా పెట్టే పలకలు. పడవ తలకిందులైతే అవి జారి పడిపోయేట్టున్నాయని రాశారు. గొళ్ళెం లేని పలక, అంతే. ఇప్పుడైతే చిన్న పడవల కిటికీలకు, హ్యాచులకు ఎంత మందం ఉండాలి, ఎంత నీటి దెబ్బ ఓర్చుకోవాలి అని ఐఎస్ఓ 12216 అని ప్రత్యేకంగా ఒక ప్రమాణమే ఉంది.

హ్యాచ్ అంటే ఏమిటని మా అమ్మ అడిగితే ఒక్క మాటలో చెప్పిన, మిద్దె గవాచి అని. మన పాత మిద్దె ఇండ్లలో వెలుతురు కోసం, పొగ పోవడం కోసం పైన కన్నం వదిలేవాళ్ళు. దాని చుట్టూ జానెడు ఎత్తు కట్ట కట్టేవాళ్ళు. మబ్బు పడితే ఎవరో ఒకరు మిద్దె ఎక్కి బండ కప్పేవాళ్ళు. ఆ కట్ట ఎందుకు? మిద్దె మీద పారే నీళ్ళు కన్నంలోకి రాకుండా. పడవ హ్యాచ్‌కూ అలాంటి కట్టే ఉంటుంది. మూత ఎంత బాగున్నా కట్ట లేకపోతే నీళ్ళు ఆగవు. ఏటా వానకాలానికి ముందు చవుడు మన్ను తెచ్చి మిద్దె మీద పరిచేవాళ్ళు కదా, పోయినేడు పోసినం చాలు అని ఊరుకునేవాళ్ళు కాదు. పడవ వాళ్ళు మాత్రం చాలామంది పదేండ్లు, ఇరవై ఏండ్లు ఊరుకుంటారు. మాకు పని దొరికేది అందుకే అనుకోండి.

నేను ఈ పనిలోకి వచ్చింది హైదరాబాదు నుంచే. మాదాపూర్ దిక్కు నిలువెత్తు అద్దాల బిల్డింగులు లేస్తున్న రోజుల్లో అద్దాలు అతికించే మేస్త్రీ దగ్గర హెల్పర్‌గా చేరిన. ఆ అద్దాలను చాలాచోట్ల స్క్రూలు పట్టుకొని ఉండవు. స్ట్రక్చరల్ సిలికోన్ అనే రబ్బరు జిగురు పట్టుకొని ఉంటుంది. అది చేతికి వచ్చాక దుబాయ్ పోయిన. అల్ జద్దాఫ్ అనే చోట పడవలు బాగుచేసే యార్డులున్నాయి. అక్కడి ఒక షెడ్డులో చేరి ఇప్పటికీ అదే పని చేస్తున్న. నేను చెప్పబోయే పడవ అక్కడికి వచ్చిందే.

నలభై అడుగుల పాత ఫైబర్ పడవ. దంపతులిద్దరూ అరవై దాటినవాళ్ళు, ఉద్యోగాలు అయిపోయాక ఇల్లు అమ్మి ఈ పడవ కొనుక్కున్నారు. మస్కట్ మీదుగా కొచ్చిన్ పోవాలని వాళ్ళ ప్లాను. తెరుచుకోని స్థిరమైన కిటికీలు ఎనిమిది, హ్యాచులు మూడు. ఆమె పడుకునే బల్ల మీద రెండు చోట్ల నీళ్ళు కారుతున్నాయి. "కారే రెండు కిటికీల చుట్టూ కొంచెం సీలెంట్ రాయండి, మూడు వారాల్లో మేము పోవాలి" అన్నాడాయన.

చూస్తే ఇదివరకే ఎవరో నాలుగు సార్లు రాసినట్టుంది. ఒక దాని మీద ఒకటి, సున్నం మీద సున్నం వేసినట్టు. పాతదాని మీద కొత్త సీలెంట్ రాస్తే కొత్తది అంటుకునేది పాతదానికి, గోడకు కాదు. పాతది అప్పటికే గోడను వదిలేసి ఉంది. అంటే చనిపోయిన వాని భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డట్టు.

ఇంకో సంగతి, నీళ్ళు కారిన చోటే కన్నం ఉంటుందనుకోవద్దు. ముందు కిటికీలో దూరిన నీరు గోడ లోపలి నుంచి నడిచిపోయి వెనక కిటికీ కింద చుక్కగా పడుతుంది. దాన్ని పట్టుకోవడానికి మాకొక ఉపాయం ఉంది. పడవ తలుపులన్నీ మూసి, లోపలికి బ్లోయర్‌తో గాలి కొట్టి, బయట కిటికీల అంచుల వెంట సబ్బు నీళ్ళు పూస్తాం. కన్నం ఉన్న చోట బుడగలొస్తాయి. సైకిల్ ట్యూబు పంక్చర్ చూసినట్టే. ఆ పడవకు ఎనిమిది కిటికీల్లో ఆరింటి దగ్గర బుడగలొచ్చాయి. ఆయనను పిలిచి చూపించిన. "అయితే ఆరు" అన్నాడు. "ఎనిమిదీ తియ్యాలి సార్" అన్న. మిగతా రెండు కూడా అదే వయసువి, అదే చేత్తో పెట్టినవి. సముద్రం మధ్యలో వాటి వంతు వస్తుంది.

ఆయన ఒప్పుకోలేదు. ఖర్చు పెరుగుతుంది, రోజులు పెరుగుతాయి. నేను వాదించలేదు. ఆయన ముందే ఒక కిటికీ తీసిన. స్క్రూలు తీసి, సన్నని స్టీలు తీగ సీలెంట్ వెంట లాగి కోస్తే ఊడి వస్తుంది. ఊడాక గోడ మందం కనబడుతుంది. ఈ పడవల పైభాగం గోడ చాలావరకు పూర్తి ఫైబర్ కాదు. పైన ఒక ఫైబర్ పొర, కింద ఒక పొర, నడుమ బాల్సా అనే తేలిక కర్ర ముక్కలు. బరువు తగ్గుతుంది, గోడ బిగువుగా ఉంటుంది. కానీ కర్ర కర్రే. కిటికీ అంచున నీరు తగిలితే పీల్చుకుంటుంది, ఏండ్ల మీద కుళ్ళుతుంది. స్క్రూడ్రైవర్ పెట్టి గుచ్చితే నాలుగు అంగుళాలు దిగబడింది. బయటికి లాగితే తడిసిన టీ పొడి లాంటిది వచ్చింది. అక్కడ కిటికీని పట్టుకున్నది గోడ కాదు, రెండు పలుచని ఫైబర్ పొరలు, పాత సిలికోన్. ఆమె ఆ బల్ల మీద కూర్చొని ఆ పొడిని వేళ్ళతో నలిపి చూసింది. "ఎనిమిదీ తీయించు" అని ఆయనతో అంది. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో అక్కడా అంతే.

కుళ్ళిన కర్రను తవ్వి తీయడానికి డ్రిల్లుకు వంచిన మేకు పెట్టి, రెండు పొరల నడుమ తిప్పుతాం. మంచి కర్ర తగిలేదాకా తవ్వాలి, అక్కడికక్కడ ఆపకూడదు. తర్వాత ఆరబెట్టాలి. ఈ ఆరబెట్టడం దగ్గరే అందరూ తొందరపడతారు. తడి మీద ఎపాక్సీ పోస్తే పట్టదు, తడిని లోపల బంధించినట్టే అవుతుంది. మేము ఫ్యాన్లు పెట్టి తొమ్మిది రోజులు ఆరబెట్టినం. రోజూ పొద్దున ఆయన వచ్చి చూసి, గడియారం చూసుకొని పోయేవాడు. తర్వాత చిక్కగా లప్పంలా కలిపిన ఎపాక్సీని ఆ సందులో కూరి అంచంతా మూసేసినం. ఇక ఎప్పుడైనా సీలెంట్ ఓడిపోయినా నీరు కర్రకు చేరదు.

ఇప్పుడు అద్దం. అద్దం అంటున్న గానీ అది గాజు కాదు, అక్రిలిక్ షీటు. కొందరు పాలికార్బొనేట్ వేస్తారు. మన షెడ్ల మీద వేసే రేకుల్లో వాడే పదార్థమే. అది సుత్తితో కొట్టినా పగలదు. కానీ త్వరగా గీతలు పడుతుంది, ఎండకు పచ్చబడుతుంది. అక్రిలిక్ ఎండకు ఓర్చుకుంటుంది. ఈ ఎండ దేశాల్లో నా ఓటు అక్రిలిక్‌కే, కాకపోతే మందం ఎక్కువ వేయాలి. మూలలు గుండ్రంగా కోయాలి, కోసు మూల ఉంటే పగులు అక్కడే పుడుతుంది. లోహానికి వాడే డ్రిల్ బిట్ అలాగే పెడితే అక్రిలిక్‌ను లాగి పగలగొడుతుంది, బిట్ మొన కొంచెం అరగదీయాలి. ఎసిటోన్‌తో తుడిస్తే వెంట్రుకల్లాంటి పగుళ్ళు వస్తాయి. ఇంట్లో అద్దాలు తుడిచే అమోనియా ద్రావణం కూడా పనికిరాదు. సబ్బు నీళ్ళు చాలు.

ఇక్కడ మా సైన్స్ సార్‌ను తలుచుకోవాలి. ఇత్తడి గుండు, రింగు పట్టుకొచ్చి, చల్లగా ఉన్నప్పుడు గుండు రింగులో దూరుతుంది, వేడి చేస్తే దూరదు అని చూపించేవారు. నా పనంతా ఆ ఒక్క పాఠమే సార్. మీటరు పొడవున్న అక్రిలిక్, ఉష్ణోగ్రత డిగ్రీ పెరిగితే సుమారు 70 మైక్రాన్లు సాగుతుంది. ఫైబర్ గోడ అందులో మూడో వంతు సాగుతుంది. నల్లని కిటికీ ఎండలో 65 డిగ్రీలకు పోతుంది, చలికాలం రాత్రి 15కు దిగుతుంది. యాభై డిగ్రీల తేడా. ఆ పడవ పెద్ద కిటికీ 1.2 మీటర్ల పొడవు. అక్రిలిక్ 4.2 మిల్లీమీటర్లు సాగుతుంది, గోడ 1.5 సాగుతుంది. మిగిలిన 2.7 మిల్లీమీటర్లు ఎక్కడికి పోవాలి? అటు కొసన సగం, ఇటు కొసన సగం. ఆ కదలికను ఓర్చుకోవలసింది నడుమనున్న సీలెంటే. రోజూ పగలు ఒకసారి, రాత్రి ఒకసారి.

అందుకే సీలెంట్ పొర మందంగా ఉండాలి. స్క్రూలు బిగించి బిగించి సీలెంటంతా బయటికి పిండేస్తారు చూడండి, అది చూడటానికి గట్టి పని. లోపల మిగిలేది కాగితమంత పొర. కాగితమంత పొర 1.3 మిల్లీమీటర్లు పక్కకు జరగలేదు, చినిగిపోతుంది. అదే మూడు నాలుగు మిల్లీమీటర్ల పొర అయితే సులువుగా వాలుతుంది. రబ్బరు చెప్పు అట్టను అరచేతుల మధ్య పెట్టి అటూ ఇటూ జరిపి చూడండి, మందం అట్ట కదిలినట్టు పలుచనిది కదలదు. పొర మందం నిలవడానికి అద్దం వెనక మూడు మిల్లీమీటర్ల రబ్బరు ముక్కలు అక్కడక్కడ అతికిస్తాం. స్క్రూ పెడితే దాని కన్నం స్క్రూ కంటే రెండు మూడు మిల్లీమీటర్లు పెద్దగా ఉండాలి, అద్దం జరగడానికి చోటు కావాలి కదా. స్క్రూను బిగించకుండా ఆన్చి వదిలేస్తాం.

సీలెంట్లు షాపులో వంద రకాలు. పాలీసల్ఫైడ్ చెక్కకు, లోహానికి చాలా మంచిది, ఈ ప్లాస్టిక్‌లకు వద్దు, వాటిని తింటుంది. పాలీయురేథేన్ పట్టు గట్టిది, ఎండ సూటిగా పడితే అంచున చెడుతుంది, కాబట్టి దాని కంపెనీ చెప్పిన ప్రైమరు, పైన ఎండ తగలకుండా నల్లని పట్టీ ఉండాలి. బయటి చట్రం స్క్రూలతో బిగించే రకం కిటికీ అయితే బ్యూటైల్ టేపు ఎప్పటికీ మెత్తగా ఉండి బాగా పనిచేస్తుంది. అతికించే కిటికీకి నేను వాడేది బిల్డింగు అద్దాలకు వాడే న్యూట్రల్ సిలికోనే. మాదాపూర్‌లో నేర్చిందే. సిర్కా వాసన వచ్చే సిలికోన్ మాత్రం వద్దు, ఆ ఆమ్లం లోహాన్ని తింటుంది. సిలికోన్‌కు ఒక దుర్గుణం ఉంది. ఒకసారి రాసిన చోట దాని ఆనవాలు పోదు, దాని మీద రంగు గానీ ఇంకో జిగురు గానీ అంటుకోదు. ఆ నాలుగు పొరలు రాసిన మహానుభావుల వల్ల మేము మూడు రోజులు గీకుతూ, సాండ్‌పేపర్ పడుతూ కూర్చున్నం.

అతికించే రోజు మాటలుండవు. చుట్టూ మాస్కింగ్ టేపు వేసి, గన్‌తో ఆగకుండా ఒక్క తీరుగా సీలెంట్ పోసి, నలుగురం కలిసి అద్దం ఆన్చి, పైకి ఉబికినదాన్ని వెంటనే తీర్చి, టేపు పీకేయాలి. గాలి బుడగ మిగలకూడదు. ఆ సిలికోన్ గాలిలోని తేమతో గట్టిపడుతుంది, రోజుకు సుమారు రెండు మూడు మిల్లీమీటర్ల లోతు. వెడల్పాటి అతుకు లోపలిదాకా పట్టాలంటే వారం, పది రోజులు ముట్టుకోవద్దు. అప్పటికి వాళ్ళ మూడు వారాలు దాటి పది రోజులైంది. ఆయన మొదట్లో గొణిగాడు, తర్వాత రోజూ మాకు చాయ్ తెచ్చాడు.

హ్యాచులకు రబ్బరు బీడింగ్ మార్చాలి. బీడింగ్ అతుకు కీలు వైపు రావాలి, ముందు వైపు, అంటే అల తగిలే వైపు రాకూడదు. మూత సరిగ్గా కూర్చుందో లేదో చూసే పద్ధతి విని గురువులు సంతోషిస్తారు, దానికి కావలసింది సుద్దముక్క. కట్ట అంచంతా సుద్ద పూసి, మూత వేసి గొళ్ళెం పెట్టి, తీసి చూడాలి. బీడింగ్ మీద తెల్లని గీత చుట్టూ తెగకుండా పడితే మంచిది. ఎక్కడ గీత తెగిందో అక్కడ నీళ్ళు. పెద్ద ఓడల సరుకు గదుల మూతలకు కూడా ఇదే పరీక్ష చేస్తారు. డబ్బా సుద్దముక్కలతో దుబాయ్‌లో నేను చాలా పడవలను పాస్ చేసిన, కొన్నింటిని ఫెయిల్ కూడా చేసిన.

చివర్లో నీళ్ళ పైపు. ఒకరు లోపల టార్చి పట్టుకొని, ఒకరు బయట పైపు పట్టుకొని. కింది అంచు నుంచి మొదలుపెట్టి, ఒక్కో చోట ఐదు నిమిషాలు ఉంచుతూ పైకి పోవాలి. పై నుంచి మొదలుపెడితే నీరు అంతటా పారి, ఎక్కడ కారుతుందో తెలియదు. ఎనిమిది కిటికీలూ పొడిగా నిలబడ్డాయి. హ్యాచులు రెండు పొడిగానే ఉన్నాయి. మూడోది మరుగుదొడ్డి పైది. డబ్బులు అయిపోయాయని దాన్ని ముట్టుకోవద్దన్నారు, ముట్టుకోలేదు.

కొచ్చిన్ చేరాక ఆమె ఫోనుకు సందేశం పంపింది. మస్కట్ దాటాక రెండు రోజులు సముద్రం బాగా లేదట, పడవ పైభాగం మీదుగా అలలు పారాయట. పడుకునే బల్ల మీద చుక్క పడలేదు. మరుగుదొడ్డిలో మాత్రం గొడుగు పట్టుకొని కూర్చోవలసి వచ్చిందని రాసింది. ఆ హ్యాచ్ పని కూడా కొచ్చిన్‌లో చేయించుకుంటామంది. బీడింగ్ కొలత, రకం నేనే పంపిన.

ఇప్పుడు మన ఊరి సంగతి. మనం జొన్న చేలు చూసిన చోట కంపెనీ షెడ్లు, డేటా సెంటర్లు లేచాయి. ప్రతి షెడ్డుకూ పైన వెలుతురు పలకలుంటాయి, కిటికీలుంటాయి, ఏసీ పైపుల కోసం గోడకు కన్నాలుంటాయి. వాన పడ్డ మర్నాడు వాటికి సీలెంట్ రాసే మనిషి కావాలి. మన పిల్లలు అక్కడ సెక్యూరిటీ గేటు దగ్గర నిలబడుతున్నారు, సీలెంట్ గన్ పట్టేవాళ్ళు ఎక్కడి నుంచో వస్తున్నారు. పదో తరగతి తర్వాత ఐటీఐకి పోయే పిల్లలెవరైనా ఉంటే సెలవుల్లో నాతో మాట్లాడండి. దుబాయ్ తీసుకుపోతానని చెప్పడం లేదు. ఇక్కడున్న నెల రోజులు మా ఇంటి ముందు షెడ్డులో పాత అల్యూమినియం కిటికీలు నాలుగు పెట్టి నేర్పిస్తా. గన్, టేపు, సీలెంట్ నావి. గీకే పని మాత్రం మొదటి వారమంతా మీదే.

ఇంటి పని కోసం అడిగేవాళ్ళు భోజనాల దగ్గర పట్టుకోండి. స్లాబు కారుతుందని ఇప్పటికే ముగ్గురు అడిగారు. ముందు మిద్దె ఎక్కి నీళ్ళు ఎటు నిలుస్తున్నాయో చూసి వచ్చి చెప్పండి, తర్వాత మాట్లాడుకుందాం.